మన తీరపు తాబేళ్ల ప్రత్యేకత
గ్రూప్ సభ్యులందరికీ నమస్కారం. విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా మన ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ల జాతిపై సముద్ర తాబేళ్ల పరిశోధకుడు కార్తీక్ శంకర్, హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు కలిసి 2004లో ప్రచురించిన పరిశోధన గురించి అందరికీ తెలియాలని నా కోరిక. తల్లి నుంచి పిల్లలకు సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్‌ఏను పరిశీలించిన వారు, భారత తూర్పు తీరపు తాబేళ్లు జన్యుపరంగా ప్రత్యేకమైనవనీ, అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాల్లోని ఇదే జాతి తాబేళ్లకు మూలం ఇక్కడే ఉండవచ్చనీ ప్రతిపాదించారు. అంటే, ఇక్కడ అంతరించిన వంశాన్ని మరో సముద్రం నుంచి తెచ్చిన తాబేళ్లతో భర్తీ చేయలేము. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన విషయం ఇదే. రాత్రివేళ ఒడ్డుకు చేరే తల్లి తాబేలు టార్చి వెలుగుకు బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనుదిరిగే ప్రమాదం ఉంది కాబట్టి, కనబడితే దూరంగా నిలిచి, వెంటనే అటవీ శాఖకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.