షహీద్ ద్వీప్‌లోని చిన్న బసల గురించి లెఫ్టినెంట్ గవర్నర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అండమాన్, నికోబార్ దీవుల లెఫ్టినెంట్ గవర్నర్ గారికి,

నమస్కారములు.

2018 డిసెంబరు దాకా నీల్ ఐలాండ్‌గా పిలుచుకున్న షహీద్ ద్వీప్‌లో కొన్ని కుటుంబాలు తాము కాపురముంటున్న ఇంట్లోనే రెండు మూడు గదులు అతిథులకిచ్చి, పొద్దున ఫలహారం పెట్టి బతుకుతున్నాయి. ఆ చిన్న బసల మనుగడ గురించే ఈ లేఖ రాస్తున్నాను. నేను విశాఖపట్నం వాసిని. ఆ దీవిలోని సీతాపూర్ ఊరి వైపు, రోడ్డు దిగి వక్కతోటలో కొంతదూరం నడిస్తే తప్ప కనిపించని అలాంటి ఒక ఇంట్లో బస చేసి వచ్చాను. ఎవరి తరఫునా వకాల్తా పుచ్చుకుని రాయడం లేదు. ఆ దీవిలో పర్యాటకాన్ని పెంచే పని ఏది తలపెట్టినా, ముందుగా ఈ ఇళ్లకు పడవ ప్రయాణం విషయంలోనూ మంచినీటి విషయంలోనూ భరోసా కల్పించాలన్నదే నా విన్నపం.

మీ దీవుల రాజధాని శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) నుంచి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ దీవిలో 2011 లెక్కల ప్రకారం జనాభా సుమారు 3,000. 1960లలో తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులుగా వచ్చిన బెంగాలీ కుటుంబాలకు ఇక్కడ భూములిచ్చి స్థిరపరిచారు. అడవి కొట్టి సాగులోకి తెచ్చిన ఆ నేలలోనే నేటికీ కూరగాయలు పండుతున్నాయి, అవే రాజధాని సంతకూ వెళుతున్నాయి. నేను బస చేసిన ఇంటివారు కూడా ముందు రైతులు, ఆ తర్వాతే ఆతిథ్యమిచ్చేవారు. గదిలో మంచం, దోమతెర, ఫ్యాను, ఒక కిటికీ. బయట బావి, దాని పక్కన రెండు నీలం డ్రమ్ములు. ఇంటావిడను వచ్చినవారంతా దీదీ అనే పిలుస్తారు. ఆమె తెల్లవారకముందే పొయ్యి వెలిగించి, ఆరు గంటలు కొట్టేసరికి వేడి పూరీలు, బంగాళాదుంప కూర, టీ తెచ్చి అరుగు మీద పెట్టేది. అంత పొద్దున్నే తినడమేమిటని మొదట అనిపించిన మాట నిజమే కానీ, మన గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంటే ఈ దీవి 93 డిగ్రీల దగ్గర ఉంది. కాబట్టి మన తీరంలో కంటే అక్కడ సుమారు 40 నిమిషాలు ముందే సూర్యుడు వస్తాడు, సాయంత్రం అంతే తొందరగా వెళ్లిపోతాడు. ఆ ఇంటి దినచర్య సూర్యుణ్ణి బట్టి, సముద్రపు ఆటుపోట్లను బట్టి సాగుతుంది తప్ప గడియారాన్ని బట్టి కాదు. లక్ష్మణ్‌పూర్ దగ్గరున్న సహజ శిలాతోరణాన్ని చూడాలంటే ఆటు సమయంలోనే, నీరు తీసినప్పుడే వెళ్లాలని, రాళ్ల గుంటల్లో బతికున్న పగడాల మీద కాలు వేయకూడదని మాకు చెప్పింది ఆ ఇంటివారే. ఆ మాట చెప్పే బోర్డు ఒక్కటీ నా కంటపడలేదు.

ఇక పడవల సంగతి. ఈ దీవికి విమానం లేదు, వంతెన లేదు. ఎక్కువమందికి ప్రభుత్వ పడవో, ప్రైవేటు వేగ నౌకో తప్ప వేరే దారి లేదు. వాతావరణం బాగులేనప్పుడు పడవలు ఆపడం సరైన పనే, ఆ నిర్ణయాన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. నా బాధంతా ఆపిన తర్వాతి గంటల గురించి. వంద గదుల హోటల్లో పది మంది రాకపోతే అది చిన్న లోటు. రెండు గదుల ఇంట్లో ఒక గదివారు వెళ్లలేక, రెండో గదికి రావలసినవారు రాలేక నిలిచిపోతే, వెళ్లలేనివారిని అదనపు డబ్బు అడగడానికి ఆ ఇల్లాలికి మనసొప్పదు, రానివారికి బయానా తిరిగి ఇవ్వక తప్పదు, తెచ్చిపెట్టిన చేపలు పాడవుతాయి. మేమున్నప్పుడు గాలి పెరిగి ఒక పూట పడవలు నిలిచాయి. దీదీ పొయ్యి దగ్గరికీ ఫోన్ సిగ్నల్ అందే గడప దగ్గరికీ తిరుగుతూ, ఎవరో జెట్టీకి వెళ్లి వచ్చి చెబితే గానీ సంగతి తెలియక, మధ్యాహ్నం ఎంతమందికి బియ్యం కడగాలో తేల్చుకోలేకపోయింది.

ఇందుకు పెద్ద ఖర్చు పెట్టనక్కర లేదని నా అభిప్రాయం. నమోదైన ప్రతి బసకూ, పడవ రద్దయిన వెంటనే ఫోనుకు సందేశం వెళ్లే ఏర్పాటు చేయండి. ఆ సందేశం హిందీ, బెంగాలీలతో పాటు తమిళం, తెలుగులలోనూ ఉంటే మంచిది. 2011 లెక్కల్లో మీ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు అని తేలింది; హైదరాబాదు, చెన్నైల మీదుగా వచ్చే తెలుగు యాత్రికులు వీరికి అదనం. పడవ రద్దయి నిలిచిపోయినవారికి మర్నాటి పడవలో కొత్తగా టికెట్టు కొనేవారికంటే ముందు చోటివ్వండి. అయితే ఆస్పత్రికో పరీక్షకో వెళ్లవలసిన దీవివాసుల సీట్లకు మాత్రం దీనివల్ల గండి పడకూడదు. దీవివాసులకిచ్చే ఐలాండర్ కార్డు ఉన్నవారి తర్వాతే మాలాంటివాళ్లం.

నీటి విషయం ఇంతకంటే లోతైనది. మీ దీవుల్లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంత వాన చూసినవారికి నీటి కొరత అంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఆ వానలో అధికభాగం మే నుంచి డిసెంబరులోపే కురిసి పోతుంది, యాత్రికులు ఎక్కువగా వచ్చేదేమో జనవరి మొదలు ఏప్రిల్ వరకు ఉండే పొడి నెలల్లో. చిన్న పగడపు దీవుల్లో భూమిలోకి ఇంకిన మంచినీరు కిందనున్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మేర మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరు ఉండగలదని భూగర్భ జల శాస్త్రం చెబుతుంది. ఇదే లెక్క తిరగేస్తే, మోటార్లు పెట్టి పైమట్టాన్ని ఒక్క మీటరు దించినా కిందినుంచి ఉప్పునీరు ఎన్నో రెట్లు పైకి ఎగబాకుతుంది. ఒకసారి ఉప్పెక్కిన బావిలో మళ్లీ మంచినీరు ఊరాలంటే ఎన్ని వర్షాకాలాలు గడవాలో! దీదీ ఇంట్లో స్నానానికి ఒక బకెట్టు, ఒక మగ్గు ఇస్తారు, బట్టలు తానే ఉతికిపెడతానంటుంది. అది పిసినారితనం కాదని, పక్కింటి బావి కూడా ఆ మంచినీటి పొర మీదే ఆధారపడి ఉందని ఆమె ఒక్క మాటలో చెప్పింది.

కాబట్టి బస నడిపే ప్రతి ఇంటికీ పైకప్పు వాననీటిని పట్టి నిలవ చేసుకునే తొట్టి కట్టుకోవడానికి సాయం చేయండి. రేకుల కప్పు వంద చదరపు మీటర్లున్నా, 3,000 మిల్లీమీటర్ల వానకు ఏడాదిలో మూడు లక్షల లీటర్లు జారిపోతాయి. అందులో పదో వంతు నిలిపినా పొడి నెలల్లో రెండు గదుల అవసరం చాలావరకు గడుస్తుంది.

ఈ సందర్భంలోనే ఒక మాట మనవి చేయక తప్పదు. నీతి ఆయోగ్ ప్రణాళికల్లో లాంగ్ ఐలాండ్, స్మిత్, ఏవ్స్ దీవులతో పాటు షహీద్ ద్వీప్ కూడా రిసార్టు ప్రాజెక్టుకు ఎంపికైన సంగతి అందరికీ తెలిసినదే. పెద్ద పెట్టుబడి వద్దనే వాదన నాది కాదు. అయితే స్నానపు తొట్లు, ఈత కొలను, పచ్చిక ఉన్న విడిది ఒక్కటి వచ్చినా అది తాగేది అదే పలుచని మంచినీటి పొరను. అనుమతి ఇచ్చే ముందు ఆ దీవి బావుల్లో ఏప్రిల్ నెల నీటిమట్టం, ఉప్పదనం కొలిచి, ఆ లెక్కను గ్రామస్థుల ముందు పెట్టి చర్చించాలని, విడిదికి కావలసిన నీటిని వాళ్లే సముద్రపు నీటి నుంచి శుద్ధి చేసుకోవాలనే షరతు విధించాలని కోరుతున్నాను.

నమోదు, అప్పుల విషయం క్లుప్తంగా. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం ఆరు గదుల వరకు ఉండి, యజమాని కుటుంబం అక్కడే నివసించే ఇళ్లను గుర్తిస్తుంది. 2025 కేంద్ర బడ్జెట్‌లో ఇలాంటి ఇంటి బసలకు (హోమ్‌స్టేలకు) చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణాలిస్తామని ప్రకటించారు. ఈ సదుపాయాలను అందుకోవడానికి సీతాపూర్ రైతు కాగితాల కట్టతో పడవెక్కి రాజధానికి తిరగకుండా, నెలకొక రోజు అధికారులే దీవికి వచ్చి దరఖాస్తులు తీసుకునేలా ఆదేశించండి.

వచ్చే నవంబరులో యాత్రికుల రద్దీ మొదలయ్యేలోపు పడవల సందేశం ఏర్పాటైనా అమల్లోకి వస్తే, మిగిలినవాటి మీద చర్చకు వ్యవధి చిక్కుతుంది. వాననీటి తొట్ల సాయానికి అర్హులెవరో, ఎంత ఇస్తారో ఆ లోపే బహిరంగంగా ప్రకటించవలసిందిగా మనవి.

ఇట్లు,
భవదీయుడు,
విశాఖపట్నం నుంచి ఒక యాత్రికుడు