పర్లాకిమిడి ఫిజియోథెరపిస్టు గారికి, మాకు తోడు నిలిచిన వారికి కృతజ్ఞతలు

ఒడిశాలోని గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గరి పల్లె మాది. చిన్నపిల్లలకు వచ్చే కీళ్లవాతం వల్ల కుడి మోకాలు వంగిపోయి, మడమ నేలకు ఆనించలేకపోయిన మా అమ్మాయి, వేసవి సెలవుల తరువాత ఈ జూన్‌లో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బడికి నడిచి వెళ్లింది. ఇందుకు కారకులైన వారందరికీ, అందరికన్నా ముందుగా పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ అని పిలిచే పిల్లల కేంద్రంలో పనిచేస్తున్న ఫిజియోథెరపిస్టు గారికి, మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. తన పేరు రాయవద్దని ఆవిడ కోరినందువల్ల రాయడం లేదు.

జబ్బును మొదట గమనించినవారు మా ఊరి అంగన్‌వాడీ దీదీ. పొద్దున్నే కుంటుకుంటూ వచ్చిన పిల్ల పదకొండు గంటలయ్యేసరికి తోటి పిల్లలతో పరుగులు తీయడం ఆవిడకు వింతగా తోచింది. దెబ్బ తగిలిన కాలైతే ఆడేకొద్దీ నొప్పి పెరగాలి గాని తగ్గదు కదా అని, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వారి వాహనం ఊరికి వచ్చిన రోజున పాపను అందరికన్నా ముందు చూపించారు. 2013లో మొదలైన ఈ కార్యక్రమం కింద పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను అంగన్‌వాడీల్లోనూ బడుల్లోనూ పరీక్షించి, అవసరమైన వారిని జిల్లా కేంద్రానికి పంపుతారు. అంతకుముందు మేము చూపించిన ఒకచోట బెణుకేనని కట్టు కట్టి, కాలు కదపనివ్వవద్దన్నారు. ఆ కట్టులోనే మోకాలు మరింత బిగుసుకుపోయింది.

పర్లాకిమిడి వారు మమ్మల్ని విశాఖపట్నం పంపారు. అక్కడి పిల్లల వైద్యులు పరీక్షలన్నీ చేయించి జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అని తేల్చారు. పదహారేళ్లు నిండకముందే మొదలై, కనీసం ఆరు వారాలు తగ్గకుండా ఉండి, ఇదీ కారణమని చెప్పలేని కీళ్లవాపుకు ఆ పేరు పెట్టారట. కీళ్లవాతం పెద్దవాళ్లకు వస్తుంది గాని పసిపిల్లకు రావడమేమిటని మా అత్తగారు నిలదీసి అడిగితే, లండన్‌లో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే వైద్యుడు 1897లోనే ఇటువంటి 22 మంది పిల్లల గురించి రాశారనీ, ఇది కొత్త జబ్బూ కాదు, తల్లి చేసిన తప్పూ కాదనీ ఆ డాక్టరు గారు ఓపికగా వివరించారు. కడుపుతో ఉన్నప్పుడు నేనేమి తిన్నానో, ఏ గ్రహణం చూశానో అని మా చుట్టాల్లో సాగుతున్న మాటలు ఆ తరువాత ఆగిపోయాయి. మందు రాసి ఇచ్చినందుకు ఎంత రుణపడ్డానో, ఆ ఒక్క మాటకు అంతే రుణపడ్డాను. వారానికి ఒక్కసారి మాత్రమే వేయవలసిన, వాపును దించే మెథోట్రెక్సేట్ అనే మందు, మూడు నెలలకోసారి కంటి పరీక్ష ఆయన ఏర్పరచిన క్రమమే. ఈ జబ్బు నొప్పి గాని ఎరుపు గాని లేకుండానే కంటి లోపల వాపు తేగలదు కాబట్టి, పాప కళ్లు బాగానే కనబడుతున్నాయి కదా అని ఆ పరీక్ష మానరాదు.

ఇక ఫిజియోథెరపిస్టు గారి మేలు ఎంతటిదో తెలియాలంటే, ఈ వాపు మోకాలిని ఏం చేస్తుందో కొంత చెప్పాలి. వాచిన మోకాలిని కాస్త వంచి పెట్టుకుంటే లోపలి ఒత్తిడి తగ్గి పిల్లకు హాయిగా ఉంటుంది. హాయిగా ఉందని అలాగే వదిలేస్తే, తొడ వెనక కండరాలు కురచబడి, ముందరి కండ సన్నబడి, మోకాలు ఆ వంపులోనే నిలిచిపోతుంది. పైగా వాపు ఉన్న వైపు ఎముక త్వరగా పెరిగి ఆ కాలు రవ్వంత పొడవు కావచ్చు, అప్పుడు పిల్ల దాన్ని ఇంకా వంచి నడుస్తుంది. మందు వాపును దించుతుంది గాని, బిగిసిన కీలును చాచి కండకు బలం తేవలసింది వ్యాయామమే.

మొదటి రోజున ఆవిడ పాప కాలు ముట్టుకోనే లేదు. కోణం కొలిచే పరికరాన్ని పాప చేతికిచ్చి, తాను నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, ముందు తన మోకాలు కొలవమన్నారు. పాప అటూ ఇటూ తిప్పి కొలిచి తృప్తిపడ్డాక గాని ఆవిడ వంతు రాలేదు. పాప మోకాలు 25 డిగ్రీల వంపు దగ్గర ఆగిపోయింది. ఆనాటి నుంచి పాపకు ఆవిడ మౌసి, అంటే పిన్ని, అయ్యారు.

నొప్పి తగ్గుతుందని మా అత్తగారు రాత్రిళ్లు పాప మోకాలి కింద మెత్తని దిండు పెట్టేవారు. ఫిజియోథెరపిస్టు గారు దాన్ని తప్పు పట్టలేదు. "అమ్మా, దిండు తీసేసి పాపను కాసేపు బోర్లా పడుకోబెట్టి, తల దగ్గర కూర్చుని కథ చెప్పండి" అన్నారు. బోర్లా పడుకుంటే తుంటి, మోకాలు రెండూ తమంతట తామే చాచుకుంటాయి. అత్తగారికి చదువు రాదు కాబట్టి వ్యాయామాలన్నీ ఒక నోటు పుస్తకంలో బొమ్మలు గీసి ఇచ్చారు. గోరువెచ్చని నీళ్ల తొట్టి బొమ్మ మొదటిది, ఎందుకంటే పావుగంట కాపడం పెట్టి కీలు వెచ్చబడ్డాకే చాచడం మొదలుపెట్టాలి. తువ్వాలును చుట్టగా చుట్టి మోకాలి కింద ఉంచి, దాన్ని మంచానికి అదిమి అయిదు లెక్కపెట్టడం రెండోది. మంచం అంచున కూర్చుని బంతిని తన్నడం పాపకు అన్నిటికన్నా ఇష్టమైనది. బలవంతంగా ఎన్నడూ లాగరాదనీ, వ్యాయామం తరువాత నొప్పి రెండు గంటలకు మించి ఉంటే మరుసటి రోజు తగ్గించాలే గాని మానరాదనీ ఆవిడ పదేపదే చెప్పేవారు. ఈ పుస్తకమే లేకపోతే వారానికోసారి పర్లాకిమిడి వెళ్లి చేయించుకునే వ్యాయామం దేనికీ చాలేది కాదు. ఆవిడ తన విద్యను మా ఇంట్లో ముసలావిడ చేతుల్లో పెట్టారు, నాకు తెలిసి అంతకు మించిన సాయం లేదు. మోకాలు వంగిపోకుండా రాత్రిపూట కాలికి కట్టే స్ప్లింటు అనే పట్టీని పాప పెరిగేకొద్దీ సరిచేయించి ఇచ్చారు. రెండు కాళ్ల పొడవూ టేపుతో కొలిచి, ఎడమ చెప్పు అడుగున సన్నని రబ్బరు పొర అంటించాలని కాగితం మీద గీసి ఇస్తే, బజారులో చెప్పులు కుట్టే తాతగారు దాన్ని అచ్చంగా అలాగే చేసి, డబ్బు పుచ్చుకోలేదు. ఆయనకు కూడా మా నమస్కారాలు.

ఆపరేషన్ చేసిన వైద్యులకు ఊరూరా పేరుంటుంది, వ్యాయామం నేర్పేవారిని తలుచుకునేవారు తక్కువ. ఇది నాకు న్యాయంగా తోచదు. మోహన, ఆర్.ఉదయగిరి కొండల మీద నుంచి పిల్లలను చంకనెత్తుకుని వచ్చే సవర తల్లులు ఆ గది ముందు ఎంతసేపు కూర్చుంటారో, ఆవిడ వారిలో ఒక్కరినైనా విసుక్కోకుండా ఎలా చూస్తారో నేను చూశాను. అటువంటి ఉద్యోగాలు ఏ జిల్లాలోనూ ఖాళీగా ఉండకూడదు.

మా బడి మాస్టారు గారికి కృతజ్ఞతలు. పాపను నేల మీద కాకుండా బల్ల మీద కూర్చోబెట్టారు. ఒకేచోట ఎక్కువసేపు కూర్చుంటే మోకాలు బిగుసుకుంటుందని విని, పీరియడుకోసారి నోటు పుస్తకాలు పంచే పని పాపకే అప్పగించారు. అది ఆయనకు సొంతంగా తోచిన ఉపాయం. విశాఖ ప్రయాణాలకు అప్పు ఇచ్చిన మా మహిళా సంఘం అక్కచెల్లెళ్లకు, పాప తొక్కడానికి తన చిన్న సైకిలు ఇచ్చేసిన పక్కింటి బాబుకు, పాప మెట్లెక్కేదాకా బస్సు కదలనివ్వని కండక్టరు గారికి మేము రుణపడి ఉన్నాం.

జబ్బు పూర్తిగా పోలేదు. మందు నడుస్తోంది, పొద్దుటి బిగుతు అప్పుడప్పుడు కనిపిస్తోంది, మోకాలు చాచడానికి ఇంకా 5 డిగ్రీలు మిగిలి ఉన్నాయి. కాశీనగర్, గుణుపూర్ వైపు ఎవరింట్లోనైనా పిల్లలు పొద్దున లేవగానే కుంటి, పొద్దెక్కేసరికి సర్దుకుంటూ ఉంటే, లేక ఏదైనా కీలు వాచి వారాల తరబడి తగ్గకపోతే, దయచేసి ఆలస్యం చేయకుండా జిల్లా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మొదటిసారి వెళ్లడానికి బెరుకుగా ఉంటే నేను గాని మా వారు గాని వెంట వస్తాం. బొమ్మల పుస్తకం చూడాలనుకుంటే మా ఇంటికి రండి, మా అత్తగారు దగ్గరుండి చూపిస్తారు.