టెట్ భయం కన్నా నామోషీ భయమే ఎక్కువ

సంపాదకులకు నమస్కారం.

సర్వీసులో ఉన్న టీచర్లు కూడా టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) పాసవ్వాలని సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన దగ్గర్నుంచి మీ పేజీలో రెండు రకాల ఉత్తరాలు చూస్తున్నాను. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినవాళ్లకి మళ్లీ పరీక్షేమిటని కొందరు. పాఠం వచ్చినవాళ్లకి పరీక్షంటే భయమెందుకని ఇంకొందరు. తీర్పు మంచిచెడ్డల జోలికి నేను పోను, అది సంఘాలు చూసుకుంటాయి. ఆ రెండో ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పాలనిపించింది. నేను 1998 డీఎస్సీలో (టీచర్ల నియామక పరీక్షలో) ఎంపికైన టీచర్ని. సఖినేటిపల్లి మండలంలో సెకండరీ గ్రేడ్ టీచరుగా చేస్తున్నాను. మొన్న డిసెంబరులో మా సెకండరీ గ్రేడ్ వాళ్ల టెట్ పేపర్ 1ఎ రాసి గట్టెక్కాను.

విషయం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2010 ఆగస్టు 23 నాటి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నోటిఫికేషన్‌తో టెట్ వచ్చింది. అంతకుముందు చేరిన మాకు అది అక్కర్లేదనే అనుకున్నాం. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, రిటైర్మెంటుకి ఐదేళ్లకు మించి ఉన్నవాళ్లంతా రెండేళ్లలో పాసవ్వాలని చెప్పింది. ఐదేళ్లలోపు ఉన్నవాళ్లు టెట్ లేకుండానే కొనసాగవచ్చు కానీ, ప్రమోషన్ కావాలంటే వాళ్లూ రాయాల్సిందే.

ఇక భయం సంగతి. మా స్టాఫ్ రూముల్లో "ఫెయిలైతే ఉద్యోగం ఏమవుతుంది" అన్నది రెండో మాట. మొదటి మాట "ఊళ్లో ఏమనుకుంటారు" అని. పిల్లలకి పరీక్షలు పెట్టి మార్కులు వేసే మనిషి తనే తప్పాడట అని టీకొట్టు దగ్గర అనుకుంటారేమోనన్న నామోషీ అది. నాకు తెలిసిన ఒక మాస్టారు టెట్ గైడుకి పాత పేపరుతో అట్ట వేసుకున్నారు. బడిలో తీయరు, గోదావరి దాటించే పంటు (పెద్ద పడవ) మీద తీయరు, ఇంట్లో అందరూ పడుకున్నాక తీస్తారు. ఆయన కూతురు డీఎడ్ చేసి అదే పరీక్షకి చదువుతోంది. "దాన్ని అడగాలంటే సిగ్గేస్తోంది మేడమ్" అన్నారాయన. రాత్రి పదకొండు గంటలకి, నిద్ర కళ్లతో, ఎవరికీ తెలియకుండా చదివితే యాభై దాటిన బుర్రకి ఏం ఎక్కుతుంది? టెన్షన్ మాత్రం బాగా ఎక్కుతుంది.

మేము నలుగురం అలా కాదనుకున్నాం. బడి వదిలాక హెడ్మాస్టారి అనుమతితో ఒక గదిలో కూర్చునేవాళ్లం, తలుపులు తీసే ఉంచి. లెక్కలు, పరిసరాల విజ్ఞానం రోజూ చెప్పేవే. పాఠ్యపుస్తకాలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, మూలన ఉన్న చిన్న పెట్టెల్లో విషయాలతో సహా, ఇంకోసారి చదివితే సరిపోయింది. ఇబ్బందల్లా శిశు వికాసం, పెడగాజీతోనే (బోధనా పద్ధతులతోనే). పిల్లల ఎదుగుదల మీద సిద్ధాంతాలు చెప్పిన పియాజే, కోల్‌బర్గ్, వైగోట్‌స్కీ పేర్లు ట్రైనింగులో చదివినవే, ఇప్పుడు ఒకరిది ఒకరికి అంటుకుపోతాయి.

అప్పుడు మాలో ఒకావిడ ఒక పని చేశారు. ఒకటో తరగతి పిల్లల ముందు రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒక గ్లాసు నీళ్లని సన్నటి పొడుగు సీసాలోకి వంచారు. దేంట్లో ఎక్కువున్నాయని అడిగితే పిల్లలంతా సీసానే చూపించారు. అప్పుడే వాళ్ల ముందే పోసిన నీళ్లు! పియాజే చెప్పిన పూర్వ ప్రచాలక దశ, పదిలపరచుకునే భావన (ఆకారం మారినా పరిమాణం మారదన్న ఎరుక) లేకపోవడం అని గైడులో నాలుగు లైన్లు బట్టీ పట్టే బాధ దాంతో తప్పింది. మా క్లాసులో ఒక బుడ్డోడు "పంటుకి నిద్రొస్తే ఎక్కడ పడుకుంటది టీచర్" అని అడిగాడు ఓసారి. సర్వాత్మవాదం (ప్రాణం లేనివాటికీ ప్రాణం ఉందనుకోవడం) అన్న మాట కనిపించినప్పుడల్లా నాకు వాడే గుర్తొస్తాడు. కుర్ర అభ్యర్థులకి లేని సౌకర్యం మనకిది. వాళ్లు పుస్తకంలో చదివే పిల్లలు మన ఎదురుగా చాపల మీద కూర్చుని ఉంటారు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోవడం లేదు. కుర్రాళ్లకి డీఎస్సీలో టెట్ మార్కులకి 20 శాతం వెయిటేజీ ఉంటుంది కాబట్టి ఒక్కో మార్కు కోసం కొట్టుకుంటారు. మనకి అర్హత వస్తే చాలు. 150 మార్కులకి ఓసీలకి 90, బీసీలకి 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 60. తప్పు జవాబుకి మార్కు కోయరు. మాక్ టెస్టుల్లో 130 తెచ్చుకునే పిల్లల్ని చూసి మనం బేజారైపోవడం అనవసరం. కొరుకుడు పడని ప్రశ్నకి ఏదో ఒక ఆప్షన్ పెట్టి ముందుకు పోవచ్చు. ఖాళీ మాత్రం వదలకూడదు.

పరీక్ష కంప్యూటర్ మీద. నూటయాభై ప్రశ్నలు, నూటయాభై నిమిషాలు. నన్ను ఇబ్బంది పెట్టింది మౌసూ కాదు, ప్రశ్నలూ కాదు, నా కళ్లజోడు. యాభై దాటాక చాలామందికి పైన దూరం, కింద దగ్గర చూసే అద్దాలుంటాయి. పుస్తకమైతే కిందకి చూస్తాం, సరిపోతుంది. తెర ఎదురుగా నిలబడి ఉంటుంది. కింది అద్దంలోంచి చూడాలంటే గడ్డం పైకెత్తాలి. ప్రాక్టీసులో అరగంటకే మెడ పట్టేసింది. కళ్ల డాక్టరు దగ్గరికెళ్లి తెర దూరానికి సరిపడే మామూలు అద్దాలు వేరే రాయించుకున్నాను. నేను చదివిన గైడుల్లో ఎక్కడా లేని సలహా ఇది. ముందు ఇదే చేయమని తోటి టీచర్లకి చెబుతున్నాను.

మాకు సెంటరు భీమవరంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పడింది, ఉదయం సెషన్, తొమ్మిదిన్నరకి. డిసెంబరులో మా గోదావరి పాయ వశిష్ఠ మీద మంచు దట్టంగా పడితే పంటు ఎప్పుడు కదులుతుందో చెప్పలేం. చించినాడ వంతెన మీదుగా వెళ్దామంటే చుట్టు. అందుకని ముందురోజు సాయంత్రమే రేవు దాటి నరసాపురంలో చుట్టాలింట్లో పడుకున్నాను. ఆ రాత్రి పుస్తకం తెరవలేదు. పెసరట్టు తిని తొమ్మిదింటికే మంచమెక్కాను.

హాల్లో నాకు రెండు సీట్ల అవతల ఒకమ్మాయి లేచి "టీచర్ గారూ, నేనండీ" అంది. నా దగ్గర నాలుగో తరగతి చదివిన పిల్ల. అట్ట వేసుకున్న మాస్టారైతే అక్కడే చెమటలు పట్టేవేమో! నాకు మాత్రం హాయిగా అనిపించింది. ఆల్ ది బెస్ట్ అంటే ఆల్ ది బెస్ట్ అనుకున్నాం. తెర మీద మొదటి ప్రశ్నే పెడగాజీలో మెలిక ప్రశ్న వచ్చింది. దాన్నలా వదిలేసి తెలుగు విభాగానికి వెళ్లిపోయాను. వచ్చిన ప్రశ్నలు వరసగా పదో పన్నెండో పెట్టి, పక్కన ప్రశ్నల నంబర్ల గళ్లు పచ్చగా మారుతుంటే గుండె దడ దానంతటదే తగ్గింది. మూలన తగ్గిపోతూ ఉండే గడియారం వైపు ఒక్కో విభాగం అయ్యాకే చూశాను. పద్యం, గద్యం ప్రశ్నల దగ్గర మాత్రం నిదానించాలి. కాగితం మీదలా వేలు పెట్టి చదవడం తెర మీద కుదరదు.

విద్యాశాఖకి నా విన్నపం ఇది. టీచర్లకి స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఎలాగూ జరుగుతాయి. హైస్కూల్లో కంప్యూటర్లూ ఉంటాయి. ఆ రోజు ఒక గంట టెట్ మాక్ టెస్టుకి కేటాయించండి. అందరూ ఒకేచోట కూర్చుని రాస్తే సీనియర్లకి మౌసు అలవాటవుతుంది, దాచుకోవాల్సిన అవసరమూ పోతుంది. కంప్యూటర్ తెలిసిన కుర్ర టీచర్లు పక్కన ఉంటారు, అడగడానికి మొహమాటం ఉండదు. మార్కులు మాత్రం నోటీసు బోర్డుకి ఎక్కించకండి. రెండోది, రేవు దాటి రావలసిన లంక గ్రామాల వాళ్లకీ, మాలాంటి తీర మండలాల వాళ్లకీ మధ్యాహ్నం సెషన్ ఇవ్వండి. దరఖాస్తులో మండలం పేరు రాయించుకుంటారు కదా, అది చూసి కేటాయించడం పెద్ద పనేమీ కాదు.

– ఒక ఉపాధ్యాయురాలు,
సఖినేటిపల్లి మండలం, కోనసీమ జిల్లా