జివెర్నీ పర్యటన తేదీపై మీ ఆఫీసు పాటిస్తున్న మౌనవ్రతం గురించి

మేనేజర్ గారికి,

నమస్కారం. మీ యూరప్ ప్యాకేజీకి నేనూ మా ఆవిడా అడ్వాన్సు కట్టింది ఈఫిల్ టవర్ కోసం కాదు, జివెర్నీ కోసం. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే 1883 నుంచి 1926లో కన్నుమూసేదాకా ఉన్న ఊరు అది. ఏటి పాయను మళ్లించి ఆయన తీర్చిదిద్దుకున్న కలువల కొలను అక్కడే ఉంది. డ్రాయింగు మాస్టారుగా ఉద్యోగమంతా ఆ కొలనును పిల్లలకు పుస్తకాల్లోనే చూపించాను.

మీరు పంపిన కార్యక్రమంలో జివెర్నీ నవంబరు 3, మంగళవారం అని ఉంది. ఆ తోటలు ఏప్రిల్ 1న తెరిచి నవంబరు 1తో మూసేస్తారు. పారిస్ నుంచి వెర్నన్ దాకా రైలు, అక్కడినుంచి బస్సు. ఇంత చేసి వెళ్లి గేటుకు వేసిన తాళం చూసి రావాలా? ఈ మాట చెబుదామనే ఫోన్ చేశాను. నా తిప్పలు మొదలయ్యాయి.

ఫోనెత్తిన అమ్మాయి, "తోటే కదా సార్, ఎప్పుడు వెళ్లినా చెట్లుంటాయి" అంది. చెట్లు మా కాలనీ పార్కులోనూ ఉన్నాయి తల్లీ అన్నాను. వెంటనే అంతర్జాతీయ విభాగానికి కలిపింది. వాళ్లు నన్ను వీసాల వారికి అప్పగించారు. వీసాల వారు భోజనానికి వెళ్లారట. ఇంకా తిన్నట్టు లేరు. ఈమెయిలు రాస్తే "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని క్షణాల్లో జవాబు. నేను చెప్పింది అభిప్రాయమా?

చివరికి మీ ఆఫీసుకే వచ్చాను. కౌంటరులో కుర్రాడు తలెత్తకుండానే నా చేతిలో కొత్త బ్రోచరు పెట్టాడు. అట్టమీద జపాను తరహా వంతెన, దానిమీద విరగబూసిన విస్టీరియా పూలతీగ! అది పూసేది మే నెల ప్రాంతంలో. అదే అడిగితే, "అయితే ఆ రోజు పారిస్‌లోనే ఒరాంజరీ మ్యూజియంలో ఆయన కలువల బొమ్మలు చూపిస్తాం" అన్నాడు. మంచి ఆలోచనే. కాకపోతే ఆ మ్యూజియానికి మంగళవారం సెలవు. ఆ మాట అనేసరికి అతనికి ఫోనొచ్చింది. సగం తాగిన టీ కప్పు అక్కడే వదిలి లోపలికి వెళ్లినవాడు మరి బయటికి రాలేదు.

కాశీ, గయ మీతోనే వెళ్లాం. చార్‌ధామ్ దారిలో కొండచరియలు విరిగిపడి రాత్రంతా బస్సులో కూర్చున్నా మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. బావమరిదిని, వియ్యంకుల్ని మీ దగ్గరికే పంపాను. అడ్వాన్సు తీసుకునేటప్పుడు కాఫీ ఇచ్చి "మీరు మా కుటుంబ సభ్యులు" అన్నారు. మా కుటుంబంలో అయితే పెద్దవాళ్లు పిలిస్తే పలుకుతారు.

తేదీని అక్టోబరులోకి జరుపుతారో, డబ్బు తిరిగిస్తారో, "కుదరదు" అని ముఖంమీదే చెబుతారో మీ ఇష్టం. కానీ ఒక మనిషి నాతో మాట్లాడాలి. లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. అంతకంటే ముందు ఆదివారం మా విశ్రాంత ఉపాధ్యాయుల సంఘం సమావేశముంది. వచ్చే వేసవి యాత్ర ఎవరికి అప్పగించాలో అందులోనే తేలుస్తాం. కోశాధికారిని నేనే.

ఇట్లు,
ఇప్పటికి మీ కస్టమరు