గోడ బయట నిలబడి పాట విన్నవాళ్ల తరఫున మంత్రి గారికి ఓ బహిరంగ లేఖ

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కచేరీ టికెట్ల గురించి రాస్తున్నాను. పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది కాబట్టి, ఇష్టమైన బ్యాండ్‌ని కళ్లెదుట చూడటం మాకెందుకు అంత ముఖ్యమో ముందు చెప్పాలి. అది చెప్పకుండా మొదలుపెడితే మిగతాదంతా డబ్బుల గొడవలాగే అనిపిస్తుంది.

మీరు ఎప్పుడైనా బారికేడ్ పట్టుకుని ముందు వరుసలో నిలబడ్డారా? లైట్లు ఆరడానికి ఓ పది నిమిషాల ముందు నల్ల టీషర్టు వేసుకున్న ఒకాయన నోట్లో చిన్న టార్చి పెట్టుకుని స్టేజీ మీదికొస్తాడు. ఆ రోజు పాడబోయే పాటల వరుస రాసిన కాగితాన్ని మైకు స్టాండు దగ్గర నేలకి టేపుతో అంటిస్తాడు, గిటారు తీసి ఒక్కో తీగా మీటి చూస్తాడు, కాలితో ఓ పెడల్ నొక్కి వదుల్తాడు. ఆయన బ్యాండులో మనిషి కూడా కాదు, వాయిద్యాలు చూసుకునే టెక్నీషియన్. అయినా ఒక్క తీగ మోగిందంటే చాలు, వేలమంది కేక పెడతారు. ఆ కాగితం మీద ఏముందో చదవాలని ముందున్నవాళ్లంతా మునివేళ్ల మీద లేస్తారు, చదవడం ఎవరి వల్లా కాదు. కాసేపటికి, అప్పటిదాకా స్పీకర్లలో సన్నగా మోగుతున్న ఏదో పాట ఠక్కున ఆగిపోతుంది. లైట్లన్నీ ఒకేసారి ఆరిపోతాయి. చీకట్లో డ్రమ్మర్ కర్రలు నాలుగుసార్లు టక్కుటక్కుమంటాయి. ఆ నాలుగో చప్పుడుకీ మొదటి దెబ్బకీ మధ్య ఒక ఖాళీ ఉంటుంది చూడండి, అర సెకను కూడా ఉండదేమో, దాని కోసం నేను నెలల తరబడి ఎదురుచూడగలను.

తర్వాత దెబ్బ పడుతుంది, సరిగ్గా గుండెల మీద. పక్కన ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నా భుజం పట్టుకుని గెంతుతూ ఉంటారు, నేనూ వాళ్ల భుజం పట్టుకునే ఉంటాను. ఎవరైనా కాలు జారి పడితే నలుగురు వంగి లేపుతారు, పాట ఒక్క పదం కూడా తప్పకుండా.

పాటలు ఫోనులో ఉన్నాయి కదా అని చాలామంది అంటారు. ఉన్నాయి. వాటిని వెయ్యిసార్లు ఒక్కదాన్నే విన్నాను, నా గదిలో, దిగులుగా ఉన్న రోజుల్లో, పరీక్షల టెన్షన్‌లో. ఆ పాట నాకొక్కదానికే అలా పట్టుకుందని అనుకున్నాను. హాలంతా అదే లైను నాకంటే గట్టిగా పాడుతున్నప్పుడు ఏమవుతుందో ఫోనులో తెలియదు. 1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బీటిల్స్ వాయించినప్పుడు 55 వేల మందికి పైగా వచ్చారు. ఆ కాలపు యాంప్లిఫయర్లు ఆ కేకల ముందు చాలలేదు, తాము వాయిస్తున్నది తమకే వినపడలేదని బ్యాండ్ సభ్యులే చెప్పారు. సుమారు అరగంటలో ముగిసిన ఆ కచేరీ గురించి ఇన్నేళ్లయినా జనం మాట్లాడుకుంటూనే ఉన్నారు. 1985 జులైలో లండన్ వెంబ్లీలో జరిగిన లైవ్ ఎయిడ్ అనే సహాయార్థ కచేరీలో క్వీన్ బ్యాండ్‌కి దక్కింది 20 నిమిషాల పైచిలుకు మాత్రమే. ఆ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ గొంతెత్తి ఓ కూనిరాగం విసిరితే దాదాపు 72 వేల మంది అదే రాగాన్ని తిరిగి విసిరారు. వీడియోలో చూస్తేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది. అక్కడ ఉన్నవాళ్ల సంగతి ఊహించుకోండి.

ఇప్పుడు సాంకేతికత ఎంత మారిందంటే, వెనక వరుసవాళ్లకి కూడా పాట చెదరకుండా చేరుతుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి స్టేజీకి 100 మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషికి అది దాదాపు 0.3 సెకన్లు ఆలస్యంగా అందుతుంది. అందుకే మైదానం మధ్యలో టవర్లు కట్టి, వాటి మీది స్పీకర్లకు సిగ్నల్‌ని సరిగ్గా ఆ మేరకు ఆపి పంపుతారు, లేకపోతే ముందు నుంచొచ్చే శబ్దం, టవర్ శబ్దం రెండూ కలిసి గందరగోళమైపోతాయి. అన్నిటికంటే వెనక నిలబడ్డ మనిషి కోసం ఇంత శ్రద్ధగా లెక్క కట్టే రంగం ఇది. ఆ మనిషి లోపలికెలా రావాలన్న దగ్గర మాత్రం ఎవరికీ ఏ లెక్కా లేదు.

నా సంగతే చెప్తాను. నాకూ మా చెల్లికీ ప్రాణమైన బ్యాండ్ టూర్ ప్రకటించింది. అది చెల్లికి మొదటి కచేరీ. అమ్మకాలు మొదలయ్యే సమయానికి రెండు ఫోన్లు, ఒక లాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చున్నాం. క్యూలో మా ముందు 40 వేల మందికి పైగా ఉన్నారని స్క్రీన్ చూపించింది. మా వంతు వచ్చింది, సీట్లు ఎంచుకున్నాం, డబ్బు కట్టే పేజీలో చక్రం తిరుగుతూనే ఉండి చివరికి అన్నీ అయిపోయాయని వచ్చింది. పది నిమిషాలు కూడా గడవకముందే, మేం ఎంచుకున్న అదే వరుస టికెట్లు వేరే సైటులో మూడింతల ధరకి కనిపించాయి. చెల్లి ఏడవలేదు, ఫోను బోర్లా పెట్టేసి లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత నేను చేసింది తప్పే, ఒప్పుకుంటాను. ఆన్‌లైన్‌లో ఎవరో అమ్ముతుంటే కొన్నాను. గేటు దగ్గర స్కాన్ చేస్తే ఆ కోడ్‌తో అప్పటికే ఎవరో లోపలికెళ్లిపోయారు. ఒకే టికెట్‌ని ఎంతమందికి అమ్మాడో మరి.

ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. స్టేడియం గోడ పక్కనే నిలబడ్డాం. మాలాంటివాళ్లు ఇంకో యాభై అరవై మంది ఉన్నారక్కడ. గోడ దాటి సన్నని శబ్దాలు రావు, గొంతు రాదు, లోతుగా బేస్ ఒక్కటే వస్తుంది. ఆ దడదడని బట్టే ఏ పాటో చెల్లి పోల్చుకుంది, "అక్కా, ఇది అదే!" అని మెల్లగా పాడటం మొదలుపెట్టింది, తర్వాత అక్కడున్నవాళ్లంతా అందుకున్నారు. మర్నాడు తెలిసింది, లోపల మంచి సీట్లే వరసగా ఖాళీగా ఉన్నాయట. ఎక్కువ ధరకి అమ్ముదామని కొనిపెట్టుకున్నవాళ్లకి కొనేవాళ్లు దొరక్కపోతే జరిగేది అదే.

ఇది మా దురదృష్టం అనుకుని ఊరుకోకండి సార్. 2016లో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం టికెట్ల మీద ఒక నివేదిక ఇచ్చింది. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే పెద్ద ఇండోర్ స్టేడియంలో జరగబోయే యూటూ అనే రాక్ బ్యాండ్ కచేరీకి, 2014 డిసెంబర్ 8న ఒకే దళారీ బాట్ సాయంతో, అంటే మనిషికి బదులు తనంతట తానే టికెట్లు కొనేసే ప్రోగ్రాం సాయంతో, ఒక్క నిమిషంలో 1,012 టికెట్లు కొన్నాడని అందులో ఉంది. మేం ఒక్క చక్రం వైపు చూస్తూ కూర్చునే ఆ నిమిషంలోనే. అదే నివేదిక ప్రకారం పెద్ద కచేరీల్లో మామూలు జనానికి నేరుగా అమ్మకానికి వచ్చేవి సగటున 46 శాతం టికెట్లే. మిగతావి ముందస్తు అమ్మకాలకీ, లోపలివాళ్లకీ పోతాయి.

గిరాకీని బట్టి ధర, కొనగలిగేవాళ్లు కొంటారు అని మీకు ఎవరైనా సలహా ఇస్తే, ఆ పై డబ్బు ఎక్కడికి పోతుందో అడగండి. పాట కట్టినవాళ్లకి ఆ దళారీ పైసా ఇవ్వడు, స్పీకర్లు మోసిన కూలీకీ ఇవ్వడు.

ఐర్లండ్ 2021లో చట్టం చేసింది, నిర్దేశించిన కార్యక్రమాల టికెట్లను అసలు ధర కంటే ఎక్కువకి తిరిగి అమ్మడం అక్కడ నేరం. అమెరికా 2016లోనే బాట్లతో టికెట్లు కొనడాన్ని నిషేధించింది, కానీ ఆ చట్టం కింద మొదటి చర్యలు తీసుకోవడానికి 2021 దాకా పట్టింది. అందుకే చట్టంతో పాటు దాన్ని నడిపించే మనుషుల్ని కూడా అడుగుతున్నాను. రాలేకపోయినవాళ్లు టికెట్‌ని కొన్న ధరకే తిరిగి ఇచ్చేసే వీలు, అమ్మినచోటే ఉండాలి. ఎన్ని టికెట్లు జనానికి, ఎన్ని స్పాన్సర్లకి, ఎన్ని పాసుల కింద పోతున్నాయో అమ్మకానికి ముందే ప్రకటించాలి, మీ కార్యాలయానికి వచ్చే పాసులతో సహా. కచేరీకి అనుమతి ఇచ్చే కాగితంలోనే ఈ షరతులు రాయొచ్చు, కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

ఆ బ్యాండ్ మళ్లీ వస్తుందంటున్నారు, తేదీలు ఇంకా చెప్పలేదు. చెల్లి రోజూ చూస్తూనే ఉంది. అమ్మకాలు మొదలయ్యేలోపు మీ నుంచి ఒక్క ఉత్తర్వు వస్తే, మేం ఈసారి గోడకి అటువైపు నిలబడతాం.

ఇట్లు,
ఒక అభిమాని