మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా సంఘం చేసిన పనుల వివరం ఇది. ఏటా వీధి దీపాలు, వాచ్‌మన్ జీతం, పార్కు గేటు రిపేరుతో నివేదిక మొదలయ్యేది. ఈసారి వాటిని చివర్లో పెట్టాను. కిందటి సర్వసభ్య సమావేశంలో మనమంతా చేతులెత్తి ఒప్పుకున్న పని ఒకటుంది కదా, దాని లెక్క ముందు చెప్పాలి. కాలనీ ఇళ్ల నుంచి, అంగళ్ల నుంచి బయటికి పోయే చెత్త తగ్గించాలని, నీళ్లు, కరెంటు వృథా కాకుండా చూసుకోవాలని ఆ రోజు అనుకున్నాం.

ఈ మాట ఎక్కడ మొదలైందో పాత సభ్యులకు గుర్తుంటుంది. 2021 నవంబరు వానలకు మన తిరుపతి పక్క స్వర్ణముఖి నది పొంగింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. మన వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక రెండో క్రాస్ మలుపులో కాలువ మూత ఎత్తితే థర్మోకోల్ ప్లేట్లు, పాల కవర్లు, నీళ్ల ప్యాకెట్లు, సిమెంటు బస్తాలు బయటపడ్డాయి. ఎక్కడి నుంచో కొట్టుకొచ్చినవి కావవి. మన ఇళ్లల్లో జరిగిన శుభకార్యాల ప్లేట్లే. పారిశుద్ధ్య కార్మికులు కాలువలోకి దిగి ఉత్త చేతులతో వాటిని తీస్తుంటే గట్టు మీద నిలబడి చూసిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ దృశ్యం ఇప్పటికీ మనసును కలచివేస్తుంది. ఆ తర్వాత ఎన్నో సమావేశాల్లో ఈ సంగతి నలిగింది కానీ, పని పట్టాలెక్కింది ఈ ఏడాదే.

పాత్రల బ్యాంకు

మొదట కరపత్రాలు పంచాం, మైకులో చెప్పించాం. నెల తిరిగేసరికి అంతా మామూలే. సీమంతానికి నూరు మందిని పిలిచిన ఇంటి ఇల్లాలికి ప్లాస్టిక్ చెడ్డదని తెలియక కాదు. నూరు కంచాలు ఎక్కడి నుంచి తేవాలి, తిన్నాక ఎవరు తోమాలి అన్నదే ఆమె టెన్షన్. ఆ రెండింటికీ దారి చూపకుండా ఎంత చెప్పినా ఫలితం ఉండదని కార్యవర్గానికి అర్థమైంది.

అందుకే జూన్‌లో విరాళాలు పోగుచేసి 150 స్టీలు కంచాలు, 200 గ్లాసులు, 150 చిన్న గిన్నెలు, వడ్డించే గరిటెలు కొన్నాం. అద్దె లేదు. వెయ్యి రూపాయలు డిపాజిట్ కట్టి తీసుకెళ్లాలి, లెక్క సరిపోతే మొత్తం వెనక్కిస్తాం. ఈ డిపాజిట్ పద్ధతిని కొండ మీద చూసి తెచ్చుకున్నాం. తిరుమలలో ప్లాస్టిక్ సీసాలు ఆపేశాక గాజు సీసాల్లో నీళ్లు అమ్ముతున్నారు, ఖాళీ సీసా తిరిగిస్తే దాని డబ్బు ఇచ్చేస్తారు. డబ్బు చేతికొస్తుందంటే సీసాను దారి పక్కన వదిలేయాలని ఎవరికీ అనిపించదు.

తోమడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పక్క వీధిలో ఉండే ఇద్దరు అక్కలు ఈ పని ఒప్పుకున్నారు. నూరు కంచాలకు 300 రూపాయలు, అది పాత్రలు తీసుకున్న ఇంటివాళ్లే ఇవ్వాలి. మొదట్లో ఒకరిద్దరు ‘పనిమనిషి ఎలాగూ ఉంది కదా, ఆమే తోముతుంది’ అన్నారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. మనం చేసే మంచి పని బరువును జీతం పెంచకుండా ఇంకొకరి నడుము మీద వేయడం న్యాయం కాదు. నీళ్ల విషయంలోనూ ఒక పద్ధతి పెట్టాం. కొళాయి వదిలేసి కడగకుండా మూడు తొట్లు పెడతారు. మొదటిదాంట్లో ఎంగిలి వదిలించి, రెండోదాంట్లో తోమి, మూడోదాంట్లో జాలిస్తారు. చివరి తొట్టి నీళ్లు కొబ్బరి చెట్లకు పోస్తారు. ఎండాకాలం బోర్లు అడుగంటిన రోజుల్లో మాత్రం కంచాలకు బదులు అరటాకు, అడ్డాకు విస్తరి వాడమని చెబుతున్నాం. నీళ్లు లేని రోజున స్టీలు కంచం గొప్పదేమీ కాదు.

మార్చి ఆఖరుకి ఈ పాత్రలు 27 కార్యక్రమాలకు వెళ్లొచ్చాయి.

ఇక్కడ సంఘం పొరపాటు ఒకటి కూడా చెప్పాలి. 2024 ఉగాది నాడు పచ్చడి పంచడానికి కాగితపు కప్పులు తెప్పించాం. కాగితమే కదా, మట్టిలో కలిసిపోతుందనుకున్నాం. కప్పు లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది లేకపోతే కాగితం నానిపోతుంది. ఆ పొర వల్లే పాత కాగితాలు కొనేవాళ్లు కూడా వాటిని తీసుకోవడానికి ఇష్టపడరు. ఎరువు గుంతలో వేస్తే కాగితం కుళ్లి పొర మిగులుతుంది. ఆ తర్వాత సంఘం కార్యక్రమాల్లో అన్నిటికీ స్టీలు గ్లాసులు, ఆకు దొప్పలే వాడాం.

తడి చెత్త

ఈ నివేదిక ఏడాదిలో అమల్లో ఉన్న 2016 ఘన వ్యర్థాల నియమాల ప్రకారం ప్రతి ఇల్లూ తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకర చెత్త విడివిడిగా ఇవ్వాల్సి ఉండేది. మూడోదంటే పాత బ్యాటరీలు, ట్యూబులైట్లు, కాలం చెల్లిన మందులు, పురుగుమందు డబ్బాల లాంటివి. మన దగ్గర చాలా ఇళ్లల్లో అన్నీ కలిపి ఒకే కవర్లో ముడేసి ఇచ్చేవారు. అలా ముడేసిన కవరు వీధి చివర పెడితే ఆవు వచ్చి అన్నంతోపాటు కవరు కూడా మింగుతుంది. గోవుకు దణ్ణం పెట్టే ఊళ్లో ఆవు కడుపులో ప్లాస్టిక్ పేరుకుపోతోంది. దీన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు. ఇక కలిసిపోయిన చెత్త గుట్టలో గాలి ఆడక తడి చెత్త కుళ్లి మీథేన్ అనే మండే వాయువు పుడుతుంది. వేసవిలో చెత్త గుట్టలు అంటుకుంటే నిప్పు రోజుల తరబడి ఆరకపోవడానికి ఆ వాయువూ ఒక కారణం.

జులైలో 31 ఇళ్లు మిద్దె మీదనో పెరట్లోనో ఎరువు తయారీ మొదలుపెట్టాయి. అక్టోబరు వానల్లో తొట్లు కంపుకొట్టాయి, పురుగు పట్టింది, పక్కింటివాళ్లు గొడవపడ్డారు. 12 ఇళ్లు మానేశాయి. మిగిలిన 19 ఇళ్లవాళ్లు చేసిన మార్పు చిన్నదే. గుప్పెడు కూరగాయ తొక్కు వేసినప్పుడల్లా రెండు గుప్పెళ్ల ఎండుటాకులో కొబ్బరి పీచో పైన కప్పారు. తొట్టికి అడుగునా పక్కలా చిల్లులు పెట్టారు. పైన వాన పడకుండా రేకు వేశారు. మొదట్లో కాస్త పుల్ల మజ్జిగ, పేడ నీళ్లు చల్లితే పని త్వరగా మొదలవుతుంది. వండిన అన్నం, నూనె కూరలు ఎక్కువగా వేయకూడదు. రెండు నెలలకు మట్టి వాసన వచ్చే నల్లటి ఎరువు చేతికొచ్చింది. మానేసిన 12 ఇళ్ల వాళ్లు మళ్లీ మొదలుపెట్టాలనుకుంటే పార్కులో ఎండుటాకుల మూటలు సిద్ధంగా ఉన్నాయి, ఉచితంగా తీసుకెళ్లవచ్చు.

వినాయక చవితికి కాలనీ పందిట్లో మట్టి విగ్రహమే పెట్టాం. నిమజ్జనం రోజు వినాయక సాగర్‌కు తీసుకెళ్లే ముందు పూలు, పత్రి, గుడ్డలు విప్పేశాం. పత్రి ఎరువు గుంతకు వెళ్లింది. ఇళ్లల్లో చిన్న విగ్రహాలను బక్కెట్లో కరిగించి ఆ మట్టిని తులసి కోటలో పోసుకున్నవాళ్లూ ఉన్నారు. వాడిన పూల గురించి ఒక మాట. టీటీడీ 2021 నుంచి స్వామివారి ఆలయాల పూలతో అగరబత్తీలు చేయించి అమ్ముతోంది. మన కాలనీ గుడి పూలు అంత ఉండవు కాబట్టి వాటికి ఎరువు గుంతే సరిపోయింది.

అంగళ్లు, హోటళ్లు, లాడ్జీలు

వ్యాపారులతో మాట్లాడడానికి వెళ్లినప్పుడు ముందుగా జరిమానాల సంగతి ఎత్తకూడదని అనుకున్నాం. చట్టం వాళ్లకు తెలుసు. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు, స్ట్రాలు నిషేధం. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల (0.12 మిల్లీమీటర్ల) కంటే పలుచని క్యారీ బ్యాగులూ నిషేధం. తెలిసీ ఎందుకు మానలేకపోతున్నారో కూర్చుని విన్నాం.

టిఫిన్ సెంటర్ నడిపే అన్న చెప్పిన మాట ఇది: “ఆకులో కడితే సాంబారు యాడ నిలుస్తుంది సార్? కారిపోతే కస్టమరు నన్నే కదా తిడతాడు.” ఆయన మాటలో తప్పేముంది? కాగుతున్న సాంబారు పలుచటి కవర్లో పోయడం మంచిది కాదని ఆయనకూ తెలుసు. ధర తగ్గిద్దామా అని అడిగాం. చిల్లర లెక్క కష్టమన్నారు. చివరికి ఆయనే ఒక ఉపాయం చెప్పారు. ఇంటి నుంచి క్యారియర్ తెచ్చుకున్నవాళ్లకు ఒక వడ ఎక్కువ. రెండు వారాల్లో పొద్దున పూట వరుసలో నిలబడ్డ పిల్లల చేతుల్లో క్యారియర్లు కనబడ్డాయి. కవర్ల ఖర్చులో మిగిలేదాంతో వడల ఖర్చు వెళ్లిపోతోందని ఆయన అంటున్నారు.

వేయించిన నూనె సంగతి కూడా అక్కడే మాట్లాడాం. వాడిన నూనెను కాలువలో పోస్తే చల్లబడి గడ్డకట్టి కాలువ మూసుకుపోతుంది. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పోలార్ కాంపౌండ్లు అనే చెడు పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వంటకు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన. రోజుకు 50 లీటర్ల పైన నూనె వాడే హోటళ్లు దానికి రికార్డు కూడా రాయాలి. వాడిన నూనెను బయోడీజిల్ తయారీకి కొనేవాళ్లున్నారు. మన వీధిలోని రెండు హోటళ్లు, బజ్జీల బండి కలిసి ఒకే డ్రమ్ములో పోసి నెలకోసారి అమ్మేలా ఏర్పాటు చేసుకున్నారు.

కిరాణా అంగడి అక్క పాత చీరలతో కుట్టించిన సంచులు పెట్టారు. 20 రూపాయలు కట్టి తీసుకెళ్లి, తిరిగిచ్చినప్పుడు డబ్బు తీసుకోవచ్చు. కుట్టేది మన కాలనీ టైలరమ్మే. మధ్యలో ఒక పంపిణీదారు ‘మట్టిలో కలిసిపోయే కవర్లు’ అంటూ ఎక్కువ ధరకు ఒక కట్ట అంటగట్టాడు. మూడు నెలలు ఎరువు గుంతలో ఉంచినా చెక్కుచెదరలేదు. నిజంగా కంపోస్టు అయ్యే కవరు మీద ఐఎస్ 17088 ప్రమాణం వివరం ఉండాలి. అది చూడకుండా కొనవద్దని అంగళ్లవాళ్లందరికీ చెప్పాం.

యాత్రికుల లాడ్జీ నడిపే మన సభ్యులు ఒకరు గదుల్లో నీళ్ల సీసాలు ఆపి, ప్రతి అంతస్తులో వడపోత నీళ్ల కొళాయి, గదిలో స్టీలు జగ్గు పెట్టారు. ఏసీలు 24 డిగ్రీలకు పెట్టి ఉంచుతున్నారు. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. దుప్పట్లు, తువ్వాళ్లు రోజూ మార్చాలా, వద్దా అని యాత్రికుల్నే అడుగుతున్నారు. చాలామంది వద్దంటున్నారట.

కరెంటు, నీళ్లు

పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాను ఒక్కటి మారిస్తే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. అన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు. హాల్లో ఎక్కువసేపు తిరిగేదాన్ని ముందు మార్చండి.

సోలార్ గురించి చాలామంది ఫోన్లు చేశారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి మిద్దె మీద ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు, ఆపైన 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. మూడు కిలోవాట్ల పలకలు ఎండ బాగున్న రోజు 12 యూనిట్ల దాకా ఇస్తాయి. మనలాంటి సంఘాలకు ఉమ్మడి అవసరాల కోసం కిలోవాట్‌కు 18 వేలు ఇస్తారు. బోరు మోటారు, వీధి దీపాలకు దీన్ని వాడుకోవచ్చు. దీని మీద ఈ సమావేశంలో తీర్మానం చేయాలని కోరుతున్నాను.

వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే దాదాపు 930 లీటర్ల నీళ్లు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే. నవంబరు ఆఖర్లో ఫెంగల్ తుపాను వానలకు మనం చూసిన నీళ్లన్నీ రోడ్డు మీదుగా వెళ్లిపోయాయి. ఏడు ఇళ్లు మాత్రమే ఇంకుడు గుంతలు బాగుచేయించుకున్నాయి. ఇది చాలా తక్కువ, ఈ విషయంలో సంఘం గట్టిగా పనిచేయలేదని ఒప్పుకుంటున్నాను. సెప్టెంబరులోపు మిద్దె గొట్టాలు, గుంతల్లో పూడిక చూపించుకుంటే ఈ ఏడాది నీళ్లయినా నేలలోకి దిగుతాయి.

కానివి

వేసవిలో కొబ్బరి బోండాల బండ్ల దగ్గర పేరుకునే డొక్కలకు ఇంకా దారి దొరకలేదు. పీజీ హాస్టళ్లు చెత్త విడదీయడం లేదు, అక్కడ పిల్లలు మారిపోతుంటారు, ప్రతి జూన్‌లో మళ్లీ చెప్పాలి. చలికాలం సాయంత్రాలు ఖాళీ స్థలంలో ఆకులు, కవర్లు కలిపి తగలబెట్టడం ఆగలేదు. ఆ పొగకు ఆయాసంతో ఇబ్బంది పడే పెద్దవాళ్లు మన మధ్యే ఉన్నారు, దయచేసి ఆపండి. 2025 జనవరి నుంచి రాష్ట్రమంతా మూడో శనివారం జరిగే స్వచ్ఛాంధ్ర కార్యక్రమంలో మనం కాలువ మూతలు ఎత్తి శుభ్రం చేయిస్తున్నాం. మార్చిలో రెండో క్రాస్ మలుపు కాలువలో థర్మోకోల్ కనబడలేదు. నాకు ఈ ఏడాది అన్నిటికన్నా సంతోషం ఇచ్చిన సంగతి అదే.

లెక్కలు

పాత్రల బ్యాంకుకు విరాళాలు 41,000 రూపాయలు వచ్చాయి. పాత్రలకు 34,600, వాటిని పెట్టే అలమరకు, తాళానికి కలిపి 4,200 ఖర్చయ్యాయి. 2,200 మిగిలింది. వీధి దీపాలు ఆరు మార్చాం, పార్కు గేటు బాగుచేయించాం, వాచ్‌మన్ జీతం నెలకు 500 పెంచాం. పూర్తి లెక్కలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి.

మార్చి 31న లెక్కపెడితే నాలుగు కంచాలు, 11 గ్లాసులు తక్కువ వచ్చాయి. ఎవరింట్లోనైనా కలిసిపోయి ఉంటే వాచ్‌మన్‌కు ఇచ్చేయండి. అడుగున సంఘం గుర్తు చెక్కి ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి