మైండ్ అంటే ప్రతిసారీ మనసు కాదు

చిన్నీ,

నీ మెయిల్ చదివి నవ్వాపుకోలేకపోయాను. మీ మేనేజర్ "వుడ్ యూ మైండ్ చెకింగ్ దిస్?" అని రాస్తే నువ్వు హుషారుగా "యెస్" అని కొట్టావా! ఆవిడ అడిగింది "ఇది చూడటానికి నీకేమైనా అభ్యంతరమా?" అని. నువ్వేమో "అవును, అభ్యంతరమే" అన్నావు. "నాట్ ఎట్ ఆల్" అనాలమ్మా. మాటల్లో అయితే వాళ్లూ "ష్యూర్" అనేస్తుంటారు, గొంతును బట్టి తెలిసిపోతుంది. రాతలో ఆ వీలు లేదు. అన్నట్టు, ఆ మైండ్ తర్వాత 'టు చెక్' రాదు, 'చెకింగ్' అనే రావాలి.

మైండ్ అనగానే మనం మనసు అనేసుకుంటాం, చిక్కంతా అక్కడే. పాత ఇంగ్లీషులో దీని మూలం 'గెమ్యుండ్', అంటే జ్ఞాపకం. 'రిమైండ్'లో ఉన్నది ఆ అర్థమే. స్కాట్లండ్‌లో ఇప్పటికీ 'మైండ్' అంటే గుర్తుండటం అనే వాడుక ఉంది. అందుకే 'బేర్ ఇన్ మైండ్' అంటే గుర్తుపెట్టుకో అని, 'ఇట్ స్లిప్డ్ మై మైండ్' అంటే మర్చేపోయాను అని. ఈ రెండోది చిన్నాచితకా వాటికే వాడు. గడువు దాటిపోయిన పనికి ఇలా రాస్తే నీకు లెక్కలేనట్టుంటుంది.

లండన్ భూగర్భ రైళ్లలో 1968 నుంచి వినిపిస్తున్న 'మైండ్ ద గ్యాప్'లో అయితే జ్ఞాపకమూ లేదు, మనసూ లేదు. సందుంది, చూసుకుని అడుగెయ్యి, అంతే.

నాకు భలే సరదాగా అనిపించేది 'పీస్ ఆఫ్ మైండ్'. చెవికి ఒకటే, అర్థాలు రెండు. 'పి, ఇ, ఎ' అని మొదలైతే మనశ్శాంతి. 'పి, ఐ, ఇ' అని మొదలైతే ముక్క. "ఐ గేవ్ హిమ్ ఎ పీస్ ఆఫ్ మై మైండ్" అంటే వాణ్ణి కడిగేశాను అని! వినేటప్పుడు ముందు 'ఎ', మధ్యలో 'మై' ఉన్నాయేమో చూడు. ఉంటే ఎవరికో చివాట్లు పడ్డట్టే.

మీటింగులో 'స్పీక్ యువర్ మైండ్' అన్నారని మనసు విప్పి బెంగలన్నీ చెప్పుకోకు. వాళ్లడిగేది మొహమాటం లేకుండా నీ అభిప్రాయం చెప్పమని. అలాగే ఏదైనా ఫరవాలేదు అనాలంటే 'ఐ డోంట్ మైండ్' అను. 'ఐ డోంట్ కేర్' అంటే 'నాకేం పట్టింది' అన్నట్టు తగులుతుంది.

'మేకప్ యువర్ మైండ్' అంటే తేల్చుకోమని, అది నీకు తెలిసిందే. తేల్చుకోలేకపోతే బ్రిటన్ వాళ్లు 'ఇన్ టూ మైండ్స్' అంటారు, అమెరికా వాళ్లు 'ఆఫ్ టూ మైండ్స్' అంటారు. 'ఐ హావ్ హాఫ్ ఎ మైండ్ టు క్విట్' అనేది మాత్రం వేరు. మానేసి పారేద్దామా అనిపిస్తోంది అని చిరాకులో అనే మాట. అన్నవాళ్లలో చాలామంది మర్నాడు మామూలుగానే పనికి వెళ్తారు.

నువ్వు మెయిల్ చివర్లో ఉద్యోగం మానేస్తానన్నావే, అది ఈ 'హాఫ్ ఎ మైండ్' బాపతేనా, లేక నిజంగానే తేల్చేసుకున్నావా? అది మాత్రం తెలుగులోనే, ఫోన్ చేసి చెప్పు.

నాన్న